చేత్తో చేసిన పెన్నులో చెయ్యి పడేది ఎక్కడ: కిట్టు, కర్ర, అక్రిలిక్ వెనక లెక్కలు

ఇన్‌స్టాగ్రామ్‌లో పెన్నుల వీడియోలు ఈమధ్య తెగ తిరుగుతున్నాయి కదా, లేతు మీద ఓ కర్రముక్క గిర్రున తిరుగుతుంటే ఉలి పెట్టగానే పొట్టు ఎగురుతుంది, ఒక్క నిమిషంలో తళతళలాడే పెన్ను తయారు. కింద కామెంట్లలో మాత్రం ఎప్పుడూ ఒకటే గొడవ. ఒకడు తొమ్మిది వందలకి అమ్ముతాడు, ఇంకొకడు అలాంటిదే ఆరేడు వేలంటాడు, రెండూ హ్యాండ్‌మేడే అంటారు, మరి ఎవరు మోసం చేస్తున్నట్టు? అందులో సగం కిట్టే, అంటే రెడీమేడ్ భాగాల ప్యాకెట్టే కదా అని ఒకడు, అక్రిలిక్ అంటే ప్లాస్టిక్కే కదా దానికింత రేటేంటని ఇంకొకడు.

ఎవరూ మోసం చెయ్యకపోవచ్చు కూడా. పెన్నులో ఏ భాగం లేతు మీద పుట్టింది, ఏ భాగం ప్యాకెట్లో వచ్చింది అనేది విడదీసి చూస్తే చాలావరకు విషయం తేలిపోతుంది. అక్కడి నుంచే మొదలెడదాం.

పెన్ను విప్పితే లోపల ఏముంటాయి

మామూలు తిప్పుడు బాల్‌పెన్ను తీసుకోండి. కొనలో లోహపు ముక్కు, లోపల రీఫిల్, దాన్ని ముందుకీ వెనక్కీ జరిపే ట్విస్ట్ మెకానిజం, నడుమ ఒక రింగు, జేబుకి తగిలించే క్లిప్పు, పైన టోపీ ముక్క. ఇవి కాకుండా మనం పట్టుకునే ఒళ్ళు, అంటే బ్యారెల్. కిట్టు అని అమ్మేదాంట్లో బ్యారెల్ తప్ప మిగతావన్నీ ఫ్యాక్టరీలో తయారై వస్తాయి, వాటితోపాటు ఒకటో రెండో ఇత్తడి గొట్టాలు వస్తాయి. హాబీ వాడు చేసేది ఆ గొట్టాల చుట్టూ ఉండే తొడుగు.

కిట్టు పెన్నుని చిన్నచూపు చూసేవాళ్ళ వాదన ఇక్కడే ఉంది, రాసే పనిచేసే భాగం ఒక్కటి కూడా నువ్వు చెయ్యలేదు కదా అని. కిట్టు వాళ్ళేమంటారంటే, రీఫిల్ ఎవడూ ఇంట్లో చేసుకోడు, చేతికి తగిలేది కంటికి కనిపించేది బ్యారెలే, అది మాదేగా అని. రెండిట్లోనూ నిజముంది. కాకపోతే ఆ తొడుగు చెయ్యడం అంత తేలికేం కాదు, అదెందుకో అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది.

ఏడు మిల్లీమీటర్ల గొట్టం, దాని మీద ముప్పావు మిల్లీమీటరు కర్ర

కొత్తవాళ్ళు ఎక్కువగా మొదలెట్టేది స్లిమ్‌లైన్ అనే సన్నటి కిట్టుతో. దాని గొట్టం బయటి కొలత 7 మిల్లీమీటర్లు. కొనుక్కునే కర్రముక్క, దీన్నే అందరూ బ్లాంక్ అంటారు, సుమారు 19 మిల్లీమీటర్ల చదరం, 125 మిల్లీమీటర్ల పొడవు. దాన్ని రెండుగా కోసి, నిలువునా నడిమధ్యలో 7 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, గొట్టాన్ని గరుకు కాగితంతో కాస్త రుద్ది ఎపాక్సీ గానీ సూపర్ గ్లూ గానీ పూసి లోపలికి దూరుస్తారు. ఆరాక రెండు చివర్లూ గొట్టానికి సరిగ్గా లంబంగా ఉండేట్టు చెక్కాలి, ఇక్కడ ఏ కాస్త వంకరున్నా చివర్లో ముక్కు బిగించేటప్పుడు సందు కనబడుతుంది. ఆ తర్వాతే లేతు.

లేతు మీద మ్యాండ్రెల్ అనే సన్నటి ఉక్కు కడ్డీకి ఈ ముక్కల్ని గుచ్చి, రెండు పక్కలా బుషింగ్‌లు పెడతారు. బుషింగ్ అనేది కొలత గుర్తు లాంటిది, కర్రని దాని మట్టానికి చెక్కేస్తే లోహపు భాగంతో సరిగ్గా కలిసిపోతుంది. స్లిమ్‌లైన్ బుషింగ్ సుమారు 8.4 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇప్పుడు లెక్క వెయ్యండి, 8.4 లోంచి 7 తీసేస్తే 1.4, రెండు వైపులకి పంచితే 0.7. అంటే చివర్ల దగ్గర మిగిలే కర్ర మందం ముప్పావు మిల్లీమీటరు కూడా లేదు! నడుమ కాస్త పొట్ట ఉంచుకుంటే ఒకటిన్నర ఉంటుందేమో.

ఇంకో లెక్క. బ్లాంక్ మొత్తం ఘనపరిమాణం 45 ఘన సెంటీమీటర్లు. పూర్తయిన పెన్ను సగటున 10 మిల్లీమీటర్ల లావు, లోపల 7 మిల్లీమీటర్ల బెజ్జం, రెండు ముక్కలూ కలిపి 105 మిల్లీమీటర్ల పొడవు అనుకుంటే మిగిలే కర్ర 4.2 ఘన సెంటీమీటర్లు. పదింట ఒక వంతు కూడా కాదు, తొంభై శాతం పైగా పొట్టై నేల మీద పడిపోతుంది. అందుకే అరుదైన కర్ర అని బ్లాంక్‌కి వెయ్యి రూపాయలు పెట్టినవాడు, బెజ్జం వేసేటప్పుడు బిట్టు అవతలి వైపు బయటికొచ్చే క్షణంలో టప్‌మని పెచ్చు లేచిపోతే నోట మాట రాక నిలబడిపోతాడు. అనుభవం ఉన్నవాళ్ళు అందుకే బ్లాంక్‌ని కాస్త పొడుగ్గా కోసుకుని బెజ్జం అవతలి దాకా పోనివ్వరు, తర్వాత చివర కోసేస్తే బెజ్జం దానంతటదే బయటపడుతుంది.

మ్యాండ్రెల్ మీద ఒక ఫిర్యాదు ఎప్పుడూ ఉంటుంది, మరీ బిగిస్తే కడ్డీ కొంచెం వంగుతుంది, వంగితే బ్యారెల్ గుండ్రంగా రాదు, ఒక పక్క బుషింగ్‌తో సమంగా ఉండి ఇంకో పక్క మెట్టులా వేలికి తగులుతుంది. దీనివల్లే చాలామంది కొన్నాళ్ళకి మ్యాండ్రెల్ వదిలేసి నేరుగా లేతు రెండు చివర్ల మొనల, అంటే సెంటర్ల, మధ్య తిప్పడానికి మారిపోతారు.

కర్ర ఎందుకు పగులుతుంది, విశాఖ పెన్ను డల్లాస్‌లో ఏమవుతుంది

కర్ర చచ్చిపోయాక కూడా గాల్లో తేమని పీలుస్తుంది, వదులుతుంది. పీలిస్తే ఉబ్బుతుంది, వదిలితే ముడుచుకుంటుంది, వానాకాలంలో తలుపులు బిగుసుకుపోయేది కూడా ఇందుకే. పెన్నులో వచ్చిన చిక్కేంటంటే ఆ పల్చటి కర్ర పొర ఇత్తడి గొట్టానికి అతికి ఉంటుంది, ఇత్తడికి తేమతో పనిలేదు.

విశాఖలో సముద్రపు గాలికి ఆరబెట్టిన కర్రతో పెన్ను చేసి డల్లాస్‌లో ఉన్న బావగారికి పంపారనుకోండి. అక్కడ రోజంతా ఏసీ, చలికాలంలో హీటరు, గాలి బాగా పొడి. కర్ర చుట్టుకొలత ఒక్క శాతం తగ్గాలనుకుందనుకుందాం. 10 మిల్లీమీటర్ల లావు పెన్ను చుట్టుకొలత 31.4 మిల్లీమీటర్లు, అందులో ఒక శాతం 0.3 మిల్లీమీటర్లు. లోపల గొట్టం తగ్గనివ్వదు, కాబట్టి ఆ 0.3 ఎక్కడో ఒకచోట నిలువు చీలికగా బయటపడాలి. గోరు తగిలేంత చీలిక అది. నల్ల ఎబొనీ, స్నేక్‌వుడ్ లాంటి గట్టి కర్రలు ఈ విషయంలో మరీ పెంకివి, చూడ్డానికి ఎంత అందమో పగలడానికి అంత తయారుగా ఉంటాయి.

దీనికి విరుగుడుగా వచ్చిందే స్టెబిలైజ్డ్ కర్ర. ముందు కర్రని ఓవెన్‌లో తేమ మొత్తం పోయేదాకా ఎండబెట్టి, పల్చటి రెజిన్‌లో ముంచి వాక్యూమ్ పంపుతో లోపలి గాలి లాగేస్తారు. గాలి బుడగలు రావడం ఆగాక పంపు ఆపితే ఆ ఖాళీల్లోకి రెజిన్ వెళుతుంది, దాన్ని మళ్ళీ వేడిచేస్తే లోపలే గట్టిపడిపోతుంది. పుచ్చిపోయినట్టు మెత్తగా ఉండే మామిడి కర్ర కూడా ఈ పద్ధతిలో లేతు మీద నిలబడుతుంది, రంగు కలిపితే నీలం కర్ర, ఆకుపచ్చ కర్ర కూడా వస్తాయి. అయితే అన్ని కర్రలకీ ఇది పనిచెయ్యదు. రోజ్‌వుడ్, ఎబొనీ లాంటి చిక్కటి నూనె కర్రల్లోకి రెజిన్ దూరదు. టేకు కూడా నూనె కర్రే, గొట్టం అతికించే ముందు ఎసిటోన్‌తో తుడవకపోతే గమ్ము సరిగ్గా పట్టదు.

ఏ కర్ర వాడాలనే ప్రశ్నలో మనవాళ్ళకి వెంటనే గుర్తొచ్చేది ఎర్రచందనం. శేషాచలం అడవుల చెట్టు, రంగు చూస్తే పెన్నుకే పుట్టిందా అనిపిస్తుంది, నిజమే. కానీ అది 1995 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో, అంటే అనుమతి పత్రాలతోనే దేశాలు దాటాల్సిన వాటి జాబితాలో ఉంది, మన దగ్గర సొంత పొలంలో పెంచిన చెట్టు కొట్టి తరలించాలన్నా అటవీశాఖ అనుమతులు కావాలి. ఎవరో తెలిసినాయన ఇచ్చాడని ఓ ముక్క సూట్‌కేసులో పడేసుకుని విమానం ఎక్కడం తెలివైన పని కాదు. రోజ్‌వుడ్ జాతులు దాదాపు అన్నీ కూడా 2017 నుంచి అదే జాబితాలో ఉన్నాయి, తయారైన వస్తువులకి 2019లో బరువు పరిమితితో కొంత సడలింపు ఇచ్చారు గానీ చెక్కని బ్లాంకునీ పూర్తయిన పెన్నునీ ఒకే కంటితో చూడరు. మొదలెట్టేవాడికి పెరట్లో కొట్టేసిన చింతకొమ్మ, నల్లతుమ్మ, పాత తలుపు నుంచి ఊడిన టేకు ముక్క హాయిగా సరిపోతాయి, పైసా ఖర్చు లేదు. పచ్చి కొమ్మైతే మాత్రం బాగా ఆరేదాకా ఆగాలి.

అక్రిలిక్ అని అమ్మేవన్నీ అక్రిలిక్ కాదు

బ్లాంకులు అమ్మేవాళ్ళు రంగురంగుల ప్లాస్టిక్ ముక్క దేన్నయినా అక్రిలిక్ అనేస్తారు. నిజానికి అందులో కనీసం మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి. అసలు అక్రిలిక్ అంటే ప్లెక్సిగ్లాస్ జాతి, షాపుల బోర్డులకి వాడే షీట్ల పదార్థమే. రెండోది పాలియెస్టర్ రెజిన్, మెరుపు అద్భుతంగా ఉంటుంది గానీ పెళుసు, ఉలి కాస్త మొద్దుబారినా పెచ్చులు లేస్తుంది. మూడోది పాలియురెథేన్ రెజిన్, ఇది కొంచెం సాగే గుణం ఉన్నది కాబట్టి తక్కువ పగులుతుంది, కర్రతో కలిపి పోతపోసే హైబ్రిడ్ బ్లాంకులకి ఎక్కువగా వాడేది దీన్నే.

అక్రిలిక్ ఉలికి సరిగ్గా తెగుతున్నప్పుడు పొడి రాదు, పొడుగాటి రిబ్బన్ వస్తుంది. ఆ రిబ్బన్ ఎటూ పోకుండా తిరుగుతున్న బ్యారెల్‌కే చుట్టుకుంటుంది, రెండు నిమిషాల్లో పెన్ను కనపడదు, పీచుమిఠాయి ఉండలాంటిది తిరుగుతూ ఉంటుంది. మిషను ఆపి తీసెయ్యాలి, తిరుగుతుండగా వేలు పెట్టకూడదు. టకటకా చప్పుడొచ్చి తెల్లటి పొరకలు ముఖాన కొడుతుంటే మాత్రం ఉలి పదును పోయిందనో కోణం తప్పుగా ఉందనో అర్థం.

వేడి ఇంకో శత్రువు. అక్రిలిక్ సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, డ్రిల్లు ఒకే ఊపున దింపితే లోపల కరిగి బిట్టుకి అంటుకుపోతుంది, లేదా చల్లారేటప్పుడు బీట వేస్తుంది. స్పీడు తగ్గించి ప్రతి సెంటీమీటరుకీ బిట్టు బయటికి తీసి పొట్టు దులిపి మళ్ళీ దింపాలి. ఓపిక లేనివాడికి అక్రిలిక్ పనికిరాదు. ఇంకోటి, చాలా రంగులు కాస్త పారదర్శకంగా ఉంటాయి, పైన సన్నబడేకొద్దీ లోపలి ఇత్తడి పచ్చగా కనబడిపోతుంది. అందుకే గొట్టానికో బెజ్జం లోపలి గోడకో ముందే రంగు వేస్తారు.

దీని ప్లస్ పాయింటు తేమ గొడవ లేకపోవడం, పైన పూత అక్కర్లేకపోవడం. సన్నటి మైక్రోమెష్ ప్యాడ్లు 1500 నుంచి 12000 నంబరు దాకా వరసగా నీళ్ళతో రుద్దితే అదే అద్దంలా మెరుస్తుంది. కర్ర ప్రియులు మాత్రం దీన్ని ఒప్పుకోరు, చేతిలో చల్లగా జీవం లేనట్టుంటుంది అంటారు. అది రుచి సంగతి, తేల్చేదేం లేదు.

దుమ్ము మాట మాత్రం రెండు వర్గాలకీ ఒకటే. కర్ర దుమ్ముని క్యాన్సర్ పరిశోధనకి సంబంధించిన అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ మొదటి గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటిలో పెట్టింది. అది ప్రధానంగా ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళ సంగతి, నెలకి రెండు పెన్నులు చేసేవాడు భయపడిపోనక్కర్లేదు. కానీ గరుకు కాగితం పట్టేటప్పుడు లేచే సన్నటి దుమ్ముకి ఎన్95 మాస్కు పెట్టుకోకపోవడానికి సాకు కూడా ఏం లేదు.

పైపూత మీద తెగని తగువు

కర్ర పెన్నుకి ఏదో ఒక పూత కావాలి, లేకపోతే చేతి చెమటకి నల్లబడుతుంది. ఇక్కడ రెండు పార్టీలు. ఒకళ్ళు సూపర్ గ్లూ వాళ్ళు, మన ఫెవిక్విక్ జాతి సయనోఅక్రిలేట్. లేతు నెమ్మదిగా తిప్పుతూ మడతపెట్టిన టిష్యూ మీద నాలుగు చుక్కలు వేసి బ్యారెల్ పొడుగునా ఒక్కసారి లాగాలి, అరనిమిషం ఆగి ఇంకో పొర, అలా ఎనిమిదో పదో పొరలు. కళ్ళు మండుతాయి, కిటికీ తీసుకోవాలి. తర్వాత నీళ్ళతో రుద్దుతుంటే పైభాగం మొత్తం మసక మసగ్గా అయిపోవాలి. ఇంకా ఎక్కడన్నా చిన్న మెరుపు చుక్క కనిపిస్తుంటే అక్కడ గుంట ఉన్నట్టు, కాగితం దాకా అది రాలేదన్నమాట. ఆ చుక్కలు పోయేదాకా రుద్ది అప్పుడు పాలిష్‌కి వెళ్ళాలి. తొందరపడి ఎక్కువ రుద్దితే పూత దాటి కర్ర బయటపడుతుంది, మళ్ళీ మొదటికి.

రెండో పార్టీ నూనె, మైనం, లక్క వాళ్ళు. సూపర్ గ్లూ పూశాక నువ్వు పట్టుకునేది కర్రని కాదు ప్లాస్టిక్‌ని, అలాంటప్పుడు అక్రిలిక్కే చేసుకోవచ్చు కదా అంటారు. వాదన వినడానికి బలంగానే ఉంది, చేతిలో పట్టుకుంటే తేడా కూడా తెలుస్తుంది. కానీ లక్కా మైనం కలిపిన ఫ్రిక్షన్ పాలిష్ మొదటిరోజు మెరిసినట్టు రోజూ వాడే పెన్ను మీద ఎక్కువకాలం మెరవదు, వేళ్ళు పట్టే చోట ముందు పోతుంది. బల్ల మీద షోకి పెట్టుకునేదైతే నూనె పూత, ఆఫీసుకి రోజూ జేబులో వెళ్ళేదైతే గ్లూ పూత అనేది నాకు సబబుగా తోస్తుంది.

లక్క అనగానే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక గుర్తురావాలి. అక్కడ బొమ్మల కోసం అంకుడు కర్రని లేతు మీద చెక్కి, తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తిపడతారు, రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో ఒత్తి తుడిస్తే మెరుపు తేలుతుంది. బ్రష్షు లేదు, ఆరబెట్టడం లేదు. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండపల్లి బొమ్మలతో కలిపేసి మాట్లాడతారు గానీ అవి పొణికి కర్రతో చేత్తో చెక్కేవి, లేతు పని కాదు.

కిట్టు లేని పెన్ను, అందులో మరల (థ్రెడ్ల) లెక్క

కిట్‌లెస్ అంటే ఇత్తడి గొట్టం లేదు, ఫ్యాక్టరీ ముక్కు లేదు, రింగు లేదు. ఓ గుండ్రటి కడ్డీ లోంచే క్యాపు, బ్యారెల్, వేళ్ళు పట్టే సెక్షను చెక్కి, వాటికి మరలు కూడా కోసుకోవాలి. ఎక్కువగా ఫౌంటెన్ పెన్నులే ఇలా చేస్తారు. ఇక్కడ కర్ర వెనకబడుతుంది, ఎందుకంటే సన్నటి మరలు కర్రలో కొయ్యగానే పొడైపోతాయి, ఇంకు తగిలితే పీల్చుకుంటుంది. కర్ర బ్యారెల్ కావాలన్నా లోపల మరలున్న భాగానికి అక్రిలిక్కో ఎబొనైటో (గట్టి రబ్బరు) తొడుగు వెయ్యాలి.

మరల్లో ఒక తమాషా ఉంది. మామూలు మర ఒకే గాడి, పక్కపక్క గాళ్ళ మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక చుట్టుకి క్యాపు 0.8 మిల్లీమీటర్లే జరుగుతుంది. మర పొడవు 4.8 మిల్లీమీటర్లు ఉంటే క్యాపు ఊడటానికి ఆరు చుట్లు. సంతకం పెట్టడానికి ఆరుసార్లు తిప్పాలంటే ఎవడికి ఓపిక? అందుకని ఒకదాని పక్కన ఒకటి మూడు గాళ్ళు మొదలయ్యేట్టు కోస్తారు, దీన్ని ట్రిపుల్ స్టార్ట్ అంటారు. ఒక చుట్టుకి 2.4 మిల్లీమీటర్లు జరుగుతుంది, రెండు చుట్లలో క్యాపు చేతిలోకి వచ్చేస్తుంది, గాళ్ళు మాత్రం అంతే సన్నగా ఉంటాయి. ఇలాంటి మరలు కోసే పనిముట్లు, అంటే ట్యాపులు, డైలు, హార్డ్‌వేర్ షాపులో దొరికే రకం కాదు, ఆర్డర్ మీద తెప్పించుకోవాలి, ఖరీదు కూడా గట్టిగానే ఉంటుంది.

మరి కిట్‌లెస్ వాళ్ళు అన్నీ సొంతంగా చేస్తారా అంటే, లేదు. నిబ్బు దాదాపు అందరూ కొనేదే, ఎక్కువగా జర్మనీ కంపెనీలు జోవో, బాక్ తయారుచేసినవి, ఇంకు లాగే కన్వర్టర్ కూడా కొనేదే. కిట్టు వాళ్ళు దీన్ని పట్టుకుని మీరూ కొన్నారుగా అని దెప్పుతుంటారు, న్యాయమైన దెప్పే.

ఎంత మనం చేశాం, ఎంత కొన్నాం అనే ఈ ప్రశ్న మన రాజమండ్రిలో తొంభై ఏళ్ళ కిందటే వచ్చింది. స్వదేశీ ఉద్యమం రోజుల్లో కె.వి. రత్నం గారు అక్కడ పెన్నులు చెయ్యడం మొదలెట్టారు, విదేశీ భాగాలు లేకుండా పూర్తిగా ఇక్కడే తయారవ్వాలన్న పట్టు అప్పటిదే. 1935లో గాంధీజీ ఆయన పంపిన పెన్ను వాడి చూశానని, బజార్లో దొరికే విదేశీ పెన్నులకి బదులుగా బాగానే ఉన్నట్టుందని ఉత్తరం రాశారు. ఆ పెన్నుల ఒళ్ళు ఎబొనైట్, అంటే గంధకం ఎక్కువ పాళ్ళలో కలిపి ఉడికించిన రబ్బరు, లేతు మీద చెక్కుతుంటే ఆ గంధకం వాసన ముక్కుకి తగులుతుంది. చేతిలో వెచ్చగా ఉంటుంది, చెమట పట్టినా జారదు, ఎండ తగిలితే మాత్రం నలుపు కాస్త గోధుమరంగులోకి తిరుగుతుంది. రత్నం పేరుతో ఇప్పటికీ అక్కడ చేత్తోనే చేస్తున్నారు, అదే ఊళ్ళో గైడర్ పెన్నులూ ఉన్నాయి. నిబ్బు ఎక్కడిదనే దాని మీద కొనేవాళ్ళు ఇప్పుడు అంత పట్టుదలగా లేరు, జర్మన్ నిబ్బు పెట్టినదాన్నే ఏరి కొనుక్కునేవాళ్ళూ ఉన్నారు.

తొమ్మిది వందలు, ఆరు వేలు: రెండూ ఎలా కరెక్ట్

ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు, మీ ఊరి రేట్లు పెట్టి మీరూ వేసుకోవచ్చు. కిట్టు 700, కర్ర 150, గ్లూ గరుకు కాగితాలు 100, మొత్తం 950. లేతు, పనిముట్లు 40 వేలకి కొని వంద పెన్నులు చేస్తాననుకుంటే ఒక్కోదానికి 400, అప్పటికి 1350. రెండు గంటల పని, గంటకి 200 చొప్పున 400. మొత్తం 1750. తొమ్మిది వందలకి అమ్మేవాడు తన సమయాన్నీ మిషన్నీ లెక్కలో వేసుకోలేదు, పైగా చవక కిట్టు వాడాడు. చవక కిట్టులో బంగారు పూత క్లిప్పు దగ్గర కొన్నాళ్ళకే తెల్లబడిపోతుంది, బ్యారెల్ మాత్రం చెక్కుచెదరదు.

కిట్‌లెస్ ఫౌంటెన్ పెన్నుకి కడ్డీ 900, నిబ్బు యూనిట్ 2000, కన్వర్టర్ 400, చిల్లర సామాను 150, మొత్తం 3450. మరల పనిముట్లు కూడా కలిపి 60 వేల పెట్టుబడి, వంద పెన్నులకి పంచితే 600. తొమ్మిది గంటల పని 1800. వెరసి 5850. లాభం ఇంకా వెయ్యలేదు.

పాడయ్యే పెన్నుల ఖర్చు ఈ రెండిట్లోనూ కలపలేదు, అసలు తేడా అక్కడే వస్తుంది. కిట్టు పెన్ను చెక్కుతుండగా పగిలితే పోయేది కర్రముక్కా ఒక గొట్టమే, గొట్టాలు విడిగా కొనుక్కోవచ్చు, కిట్టు డబ్బాలో భద్రంగా ఉంటుంది. కిట్‌లెస్‌లో మరలు కొయ్యడం దాదాపు పని చివర్లో వస్తుంది, ట్యాపు ఒక్క పిసరు వంకరగా దిగినా క్యాపు నిలువునా బీట వేస్తుంది, నిబ్బూ కన్వర్టరూ మిగులుతాయి గానీ అప్పటిదాకా దాని మీద పెట్టిన గంటలు పోయినట్టే, ఇంకో కడ్డీ తీసి మళ్ళీ మొదలెట్టాలి.